పరిహాసానుకరణము: శైలికి అన్వయవ్యతిరేకపరీక్ష

ప్రసిద్ధకవుల రచనలను నవ్వు పుట్టునట్లు అనుకరించుట వినోదమే కాని విద్య కాదనియు, పెద్దలను వెక్కిరించు పిల్లచేష్ట యనియు మన పండితులలోఁ బెక్కండ్ర యభిప్రాయము. నేనును చాలకాల మట్లే తలంచితిని. అట్లు తలంచుటవలన నొక యపరాధమును గూడఁ జేసితిని. దానిని మొదటనే చెప్పుకొనుట మేలు.

ఇరువదియేండ్లకుఁ బూర్వము నేను వ్యాకరణము చెప్పుచున్న తరగతిలో నొక విద్యార్థి యుండెను. మహాభాష్యమునందలి పస్పశాహ్నికమును కొన్నివారములు పాఠము చెప్పిన పిదప పరీక్ష పెట్టఁగా, ఆ బాలుఁడు జవాబునకు మాఱుగా ‘ఉప్మాహ్నికము’ అను పేర నొక పుట వ్రాసి యిచ్చెను. ఉప్మాలో ఉప్పు వేయవలయునా వలదా యని సంశయము. వేసినచో నేమి ప్రయోజనమని ప్రశ్నము. అయిదు ప్రయోజనముల పరిగణనము. ఉప్పు లేకయే తినువారును గలరు గదా యని యాక్షేపము. తినుట వేఱు, రుచించుట వేఱు అని సమాధానము. రుచి యనఁగా నేమి యని మరల ప్రశ్నము. తుదకు లోకవ్యవహారమే ప్రమాణమని సిద్ధాంతము. సిద్ధాంతము కుదురునప్పటికి ఉప్మా చల్లాఱిపోయెనని ముగింపు. నేను దానిని చదివి, శాస్త్రమునకు అవమానము జరిగెనని కోపించి, తరగతి యెదుటనే చించివేసితిని. ఆ బాలుఁడు మఱుసటి సంవత్సరము సంస్కృతమును విడిచి వేఱొక చదువునకుఁ బోయెను. ఆ పరీక్షకుఁ గూర్చున్నవారిలో భాష్యకారుని వాదసరణిని నిజముగా గ్రహించినవాఁ డతఁ డొక్కఁడే యని నాకుఁ దోఁచుటకుఁ బెక్కేండ్లు పట్టినది. తక్కినవారు నేను చెప్పిన మాటలను అప్పగించిరి. అతఁడు ఆ మాటలను విడిచి, వానిని నడపిన క్రమమును పట్టుకొనెను.

కావున పరిహాసానుకరణము శైలీజ్ఞానమునకు గుఱుతా, లేక కేవలము అవినయమా యను ప్రశ్నమును చరిత్ర యాధారముగా విచారింపవలయునని యీ వ్యాసమునకుఁ బూనితిని.

లక్షణవిచారము

గ్రీకులు దీనిని ‘పారోడియా’ యనిరి. ఒక గీతమునకుఁ బ్రక్కగాఁ బాడెడి గీతమని దాని యవయవార్థము. ఆ మాటయే ఆంగ్లేయులద్వారా మనకు ‘పేరడీ’ యై వచ్చినది. మన యలంకారికులు దీనికిఁ బ్రత్యేకముగా నామకరణము చేయకున్నను, దీని బీజమును మాత్రము మఱువలేదు. భరతముని శృంగారముయొక్క అనుకృతియే హాస్యమగునని నాట్యశాస్త్రము షష్ఠాధ్యాయమునఁ జెప్పెను. అభినవగుప్తపాదులు దానిని విస్తరించి, శృంగారమునకే కాదు, ఏ రసమున కైనను ఆభాసము కలిగినచో నది హాస్యమునకుఁ దావగునని వివరించిరి. వీరము తగని తావున నిలిచినను, కరుణము తగనివానియందుఁ బుట్టినను నవ్వు వచ్చును. పరిహాసానుకరణమునకు ఈ సూత్రమే మూలము.

అయినను ప్రతి యనుకరణమును పరిహాసము కాదు. ఒక కవి కావ్యమునకు వేఱొక కవి కావ్యముతోఁ గల సాదృశ్యమును ఆనందవర్ధనాచార్యులు ధ్వన్యాలోకము చతుర్థోద్ద్యోతమున ప్రతిబింబమువంటిది, చిత్తరువువంటిది, తుల్యమైన దేహము గలవానివంటిది అని మూఁడు తెఱంగులుగా విభజించి, మొదటి రెండును త్యాజ్యములనియు, మూఁడవది గ్రాహ్యమనియు నిర్ణయించిరి. రాజశేఖరుఁడు కావ్యమీమాంసలో ఈ విచారమును మఱింత పెంచి, కావ్యచౌర్యమునకు వివిధభేదములు కల్పించెను. పరిహాసానుకరణము వీనిలో దేనియందును జేరదు. ఏలయన, హరించువాఁడు మూలమును దాఁచును. పరిహసించువాఁడు మూలము పదిమందికిఁ దెలియవలెనని కోరును. మూలము స్ఫురింపనిచో చోరునకు లాభము, పరిహాసకునకు నష్టము.

అట్లే, ఒక గ్రంథమును గూర్చి చెప్పిన చతురోక్తియు పరిహాసానుకరణము కాదు. కుక్కను, యువకుని, ఇంద్రుని ఒక్క సూత్రముననే పాణిని కట్టివేసెనని (6.4.133) మన విద్యార్థులు తరతరములుగా నవ్వుకొనుచున్నారు. అది పాణినిపైఁ జెప్పిన హాస్యమే కాని పాణినిరీతిలోఁ జెప్పిన హాస్యము కాదు. రీతి పట్టువడినప్పుడే యది మన ప్రస్తుతవిషయ మగును.

ఆ రీతి యెట్లు పట్టువడును? వైయాకరణులకు చిరపరిచితమైన యొక మార్గము కలదు. ప్రకృతికి నర్థ మింత, ప్రత్యయమునకు నర్థ మింత యని నిర్ణయించుట యెట్లను ప్రశ్నమునకు భాష్యకారుఁడు అన్వయవ్యతిరేకములను జూపెను. వృక్షః, వృక్షౌ అను రెండు రూపములను ప్రక్కప్రక్కన నుంచినచో, నొక శబ్దము తొలఁగుచున్నది, యొకటి వచ్చుచున్నది, యొకటి నిలుచుచున్నది. దానికిఁ దగినట్లు అర్థమునందును ఏకత్వము తొలఁగి ద్విత్వము వచ్చుచున్నది. చెట్టు అను నర్థము నిలుచుచున్నది. నిలిచిన శబ్దమునకు నిలిచిన యర్థము, మాఱిన శబ్దమునకు మాఱిన యర్థము. పరిహాసకుఁడును ఇదియే చేయుచున్నాఁడు. అతఁడు కవి వస్తువును తొలఁగించి, దానికి మాఱుగా నొక యల్పవస్తువును నిలుపును. వస్తువు పోయినను ఏది నిలిచి మనకు ఆ కవియే యని తోఁపించుచున్నదో, అదియే ఆ కవి శైలి. వేయిపుటల విమర్శ చెప్పలేని దానిని నాలుగు పాదములు చూపఁగలుగుట ఈ కారణముననే. ఇఁక చరిత్రమునకు వత్తము.

గ్రీకుదేశమున నూనెకుప్పె

అరిస్టాటిలు తన కావ్యశాస్త్రమున పరిహాసానుకరణకవులలో మొదటివాఁడుగా థాసోసు ద్వీపవాసి యగు హెగెమోనును బేర్కొనెను. హోమరు మహాకావ్యముల గంభీరచ్ఛందమున కప్పలకును ఎలుకలకును జరిగిన యుద్ధమును వర్ణించు నొక చిన్న కావ్యమును గ్రీకుభాషలో నున్నది. కాని శైలీపరీక్ష యనఁదగిన ప్రయత్నమునకు మహోదాహరణము అరిస్టోఫనీసు రచించిన ‘కప్పలు’ అను ప్రహసనము. ఇది క్రీ. పూ. 405 వ సంవత్సరమున ఏథెన్సునగరమునఁ బ్రదర్శింపఁబడి ప్రథమబహుమానమును బొందెను.

అంతకు ముందటి సంవత్సరమే యూరిపిడీసు మరణించెను. ఈస్కిలసు మరణించి యప్పటి కేఁబదియేండ్లు దాఁటెను. నాటకదేవత యగు డయొనైససు మంచికవి భూమిపై లేఁడని దుఃఖించి, యొకనిని మరలఁ దీసికొని వచ్చుటకై ప్రేతలోకమునకుఁ బోవును. అచ్చట ఈ కవు లిద్దఱకును వివాదము జరుగును. ఒకరి పంక్తుల నొకరు పరిహసించుచు, ఒకరి పాటల నొకరు అనుకరించుచు, తుదకు ఇద్దఱి మాటలను త్రాసులోఁ దూఁచుదురు.

ఆ వివాదమున ఛందశ్శాస్త్రజ్ఞులు గమనింపఁదగిన ఘట్ట మొకటి కలదు. యూరిపిడీసు తన నాటకముల ప్రారంభవాక్యములను గర్వముతోఁ జదువును. అతఁడు కొంత చదివి విరామమునకు వచ్చునప్పటికి ఈస్కిలసు నడుమఁ బ్రవేశించి, ‘తన చిన్న నూనెకుప్పెను బోఁగొట్టుకొనెను’ అని పాదమును బూరించును. ఛందస్సు సరిపోవును, అన్వయమును సరిపోవును. యూరిపిడీసు వేఱొక నాటకమునుండి చదువును. మరల నూనెకుప్పె పోవును. ఎన్ని చదివినను ఇంతియే. సభ నవ్వును. కాని యిందున్న విమర్శ యెంత సూక్ష్మమో చూడుఁడు. యూరిపిడీసు ప్రారంభవాక్యములలో మొదట నాయకుని పేరు, తరువాత అసమాపకక్రియ, పిదప నియతస్థానమున విరామము, అటుపైని సమాపకక్రియ. ఆ యచ్చు మాటిమాటికిఁ బడుచున్నది. దోషమును ఈస్కిలసు పేర్కొనలేదు. ఒకే తునుకను అన్నింటికిని తగిలించి, అన్నింటను ఒకే సందున్నదని చూపెను. ఇంతకంటెఁ బరిశుద్ధమైన అన్వయవ్యతిరేకపరీక్ష వేఱొండు కలదా?

మఱియు నొక విశేషము. గ్రీకుభాషలో ఆ నూనెకుప్పెకు ‘లెకుథియోను’ అని పేరు. తరువాతి ఛాందసులు ఆ ఖండమునకు సరిపోవు ఛందోగణమునకు ఈ పేరే పెట్టిరి. నేఁటికిని గ్రీకుఛందస్సును బోధించు గ్రంథములలో నది పారిభాషికపదము. పరిహాసమునఁ బుట్టిన మాట శాస్త్రమున సంజ్ఞ యయ్యెను.

అమవస వివాదము

ఇట్టి పరీక్ష మనదేశమునకును క్రొత్త కాదు. తెనాలి రామకృష్ణుని పేరఁ బ్రచారమునందున్న యొక చాటుపద్యము అందఱు నెఱిఁగినదే. శ్రీకృష్ణదేవరాయల (1509–1529) సభలో పెద్దనార్యుఁ డొక కందమును జెప్పుచు అమావాస్యను ‘అమవస’ యనెననియు, దానిపై రామకృష్ణుఁడు మఱొక కందము జెప్పి పరిహసించెననియుఁ గథ. కథకుఁ జరిత్రప్రమాణము లేదు. కవుల కాలనిర్ణయమునందును భిన్నాభిప్రాయములు కలవు. పద్యము మాత్రము మనచేతిలో నున్నది. దానినే పరిశీలింతము.

అమావాస్యాశబ్దమునఁ బాణిని వకారముపైని దీర్ఘమును వైకల్పికముగా నంగీకరించెను (3.1.122). కనుక అమావస్య యనుట సంస్కృతముననే సాధువు. పెద్దన తెలుఁగుమాటగాఁ గొని మకారమునకుఁ గూడ హ్రస్వము చేసెను. వాడుకలో నిట్టివి కలవు. అయినను మహాకవి నోట నది కొంత తేలికగాఁ దోఁచును. పరిహాసకుఁడు ఈ యొక్క లఘువును బట్టుకొని, ‘ఈ మాట సాధువైనచో నన్నియు సాధువులే’ యనువాఁడువలెఁ దన పద్యమున దీర్ఘములను ద్విత్వములను విచ్చలవిడిగాఁ గుదించివైచెను. కవిత్వమనుమాటయు, చెప్పుటయనుమాటయు, తుదకుఁ బెద్దనార్యుని యింటిపేరును బేరును గూడ బక్కచిక్కిపోయెను. పిచ్చికాయ లేవో తిని యిట్లు చెప్పితివా యని ప్రశ్నించుట పైకిఁ గనఁబడు మోటుహాస్యము. లోన నున్నది శుద్ధవ్యాకరణము.

లక్షణము తన హద్దు దాఁటి యన్యత్రఁ బ్రవర్తించుటను మన శాస్త్రకారులు అతివ్యాప్తి యందురు. శాస్త్రమున నది దోషము. పరిహాసానుకరణమున నదియే సాధనము. కవియందు ఒకచోట నున్న యలవాటును అన్నిచోట్లకును వ్యాపింపఁజేసినచో నా యలవాటు అందఱకును గనఁబడును. అన్వయవ్యతిరేకములచేత శైలిని గనుఁగొనుట, అతివ్యాప్తిచేత దానిని జూపుట: ఈ రెండును గలిసినదే పరిహాసానుకరణమని నా యభిప్రాయము.

లండనునగరమున తిరస్కృతపద్యములు

ఈ మార్గమునఁ బ్రసిద్ధమైన ఆంగ్లగ్రంథము 1812 వ సంవత్సరమునఁ బుట్టెను. లండనులోని డ్రూరీ లేను నాటకశాల 1809 ఫిబ్రవరి 24 వ తేదీ రాత్రి అగ్నికి ఆహుతి యయ్యెను. దానిని మరలఁ గట్టి 1812 అక్టోబరు 10 వ తేదీని తెఱచిరి. ప్రారంభదినమునఁ జదువుటకుఁ దగిన పద్యప్రసంగమును బంపుఁడని కార్యనిర్వాహకసంఘమువారు ముందుగాఁ బ్రకటించిరి. నూటపండ్రెండు పద్యప్రసంగములు వచ్చినవి. అన్నింటిని ద్రోసివైచి, సంఘమువారు బైరనుప్రభువును బ్రార్థించి యతనిచేత వ్రాయించుకొనిరి.

జేమ్సు స్మిత్తు (1775–1839), హొరేసు స్మిత్తు (1779–1849) అను సోదరులకు ఈ వార్త మంచి యవకాశమును గల్పించెను. నాఁటి ప్రసిద్ధు లెల్లరు తలకొక ప్రసంగమును బంపి త్రోసివేయఁబడిరని యూహించి, వారి వారి రీతులలోఁ దామే వ్రాసి ‘తిరస్కృత ప్రసంగములు’ అను పేరఁ బ్రకటించిరి. వ్రాయుటకు వారికిఁ బట్టిన కాల మాఱు వారములు. గ్రంథమున నున్నవి యిరువదియొక్క రచనలు. వస్తు వొక్కటే: నాటకశాల కాలుట, మరల లేచుట. రీతులు మాత్రము వేఱువేఱు.

వర్డ్సువర్తు సరళవస్తువులను శిశుభాషకు దగ్గఱగాఁ జెప్పునను ప్రసిద్ధి గలవాఁడు. అతని పేర నున్న రచనను ఎనిమిదేండ్ల బాలిక యొక్కతె యాటబండిలోఁ గూర్చుండి రంగముపైకి వచ్చి చదువును. వాల్టరు స్కాట్టు యుద్ధవర్ణనలకుఁ బేరొందినవాఁడు. అతని పేర నున్న రచనలో మంటల నార్పవచ్చిన సేవకులు రణరంగమున వీరులవలెఁ బేరుపేరున నాహ్వానింపఁబడి పోరుదురు. వారి నాయకుఁడు వీరమరణము నొందును. క్రాబ్బు సామాన్యజనుల జీవితమును అణువణువుగా వర్ణించువాఁడు. అతని పేర నున్న రచనలో, పైయంతస్తున గూర్చున్న యొక బాలుని టోపీ క్రిందఁ బడుటయు, చేతిగుడ్డలను ముడివైచి త్రాడు చేసి దానిని పైకి లాఁగుటయుఁ బురాణకథవలె విస్తరింపఁబడినది. జాన్సను పండితుని ప్రేతము వచ్చి లాటినుపదభూయిష్ఠమగు సమవాక్యములతో నుపన్యసించును. బైరను అనుకరణమును నిందుఁ గలదు. నిజమైన ప్రసంగమును వ్రాసినవాఁ డతఁడే యగుటచేత నీ చమత్కారము రెట్టించినది.

ఫలిత మెట్లుండెనో చూతము. పరిహసింపఁబడినవారు కోపింపలేదు సరికదా, సంతోషించిరి. మంటల వర్ణనమును జదివి స్కాట్టు, ఇది నేను వ్రాసినదే కాని యెప్పుడు వ్రాసితినో జ్ఞప్తికి రాకున్నదని చమత్కరించె నని గ్రంథకర్తలే తరువాతి ముద్రణపు పీఠికలో వ్రాసిరి. ఎడింబరో పత్రికలో జెఫ్రీ యను నిశితవిమర్శకుఁడు గ్రంథమును మెచ్చి, క్రాబ్బు పేర నున్నదానిని శ్రేష్ఠమని పేర్కొనెను. ఒక మతాచార్యుఁడు మాత్రము, ఇవి బాగుగనే యున్నవి గదా, సంఘమువారు వీనిని ఏల త్రోసివైచిరో నాకు బోధపడదని యనెనఁట. పరిహాసకుని నేర్పునకు ఇంతకంటె నెక్కువ ప్రశంసాపత్ర మేమి కావలయును! ముఱ్ఱే యను ప్రకాశకుఁడు మొదట నీ గ్రంథమును వలదని, పదునాఱు ముద్రణములు జరిగిన పిదప 1819 వ సంవత్సరమున నూటముప్పదియొక్క పౌనులిచ్చి హక్కులను గొనెను.

సరిగా నూఱేండ్లకు, 1912 లో, మాక్సు బీర్బోము (1872–1956) ‘క్రిస్మసు మాల’ యను గద్యసంపుటమును బ్రకటించెను. అందును వస్తు వొక్కటే, క్రిస్మసు పండుగ. దానిని పదునేడుగురు రచయితల రీతులలోఁ జెప్పెను. హెన్రీ జేమ్సు పేర నున్న కథలో ఇద్దఱు పిల్లలు తమ పడకలకు వ్రేలాడు మేజోళ్లలో నేమి కానుకలున్నవో తొంగిచూడవచ్చునా యని యాలోచింతురు. అంతియే కథ. కాని యా యాలోచనమునకుఁ బట్టిన వాక్యములు ఉపవాక్యములలో నుపవాక్యములుగా, సంశయములలో సంశయములుగా సాగిపోవును. జేమ్సు నవలలు చదివినవారికి ఆ వాక్యము వ్యక్తి ముఖమువలె గుఱుతు పట్టఁదగినది.

ఈ రెండు గ్రంథములందును వస్తు వొక్కటియే యగుట యాదృచ్ఛికము కాదని నా తలంపు. అర్థము స్థిరముగా నుండి రీతి మాత్రమే మాఱినప్పుడు, రీతి యనఁగా నేమో కన్నులకుఁ గట్టును. రీతి కావ్యాత్మ యనిన వామనుఁడు వైదర్భీ గౌడీ పాంచాలు లను మూఁడు రీతులను జెప్పి యూరకొనెను. ఒక్కొక్క కవికి నొక్కొక్క రీతి కలదని ప్రయోగమూలమునఁ జూపినవారు ఈ పరిహాసకులు.

స్మృతియు విస్మృతియు

పరిహాసానుకరణము మూలమును జంపునని కొందఱి భయము. చరిత్ర వేఱుగాఁ జెప్పుచున్నది. ఐజకు వాట్సు 1715 లో బాలురకై రచించిన నీతిగీతములును, సౌదీ 1799 లో వ్రాసిన వృద్ధసంవాదమును ఒకకాలమున ఆంగ్లబాలు రెల్లరు కంఠస్థము చేసిన పాఠములు. లూయీ క్యారలు 1865 లోఁ బ్రకటించిన ‘ఆలిసు’ కథలో వానిని దలక్రిందులు చేసి, తేనెటీఁగ శ్రమను మొసలి నవ్వుగాను, వృద్ధుని వినయమును గుప్పిగంతులుగాను మార్చెను. నేఁడు ఆ మూలములను స్వతంత్రముగాఁ జదువువారు మిక్కిలి యరుదు. పరిహాసము బ్రదికి యున్నందుననే, దాని టిప్పణములలో మూలములును బ్రదికి యున్నవి.

కాని యిందొక హెచ్చరికయు నున్నది. క్యారలు చదువరులు నవ్వుటకుఁ గారణము, మూలము వారి నాలుకపై నుండుటయే. నేఁటి బాలుఁడు ఆ పద్యములను వింత మాటలుగాఁ జదివి యానందించును గాని పరిహాసమును గ్రహింపఁడు. పరిహాసానుకరణము పరాన్నభోజి. సమాజమునకుఁ గవులు కంఠస్థమై యున్నంతకాలమే దానికిఁ దిండి. ఒక భాషలోఁ బరిహాసానుకరణము వాడిపోయినచో, దానికిఁ గారణము వినయము పెరుఁగుట కాక, చదువు తఱుఁగుట యని శంకింపవలయును. బడిపంతుళ్లగు మన మందఱమును ఆలోచింపవలసిన మాట యిది.

గుణదోషములు

అయినచో ప్రతి వెక్కిరింతయు మెచ్చఁదగినదా? కాదు. తారతమ్యమును నిరూపింపవలయును. కవి మాటలలోఁ గొన్నింటిని మార్చి, ఛందస్సును మాత్రము నిలిపి, తిండిని గూర్చియో అప్పును గూర్చియో చెప్పినది అధమము. దానికి మూలము నొక్కపద్యము తెలిసినఁ జాలును. కవి వాక్యరచనను, సమాసములను, విరామములను, అలంకారాభిరుచిని బట్టి క్రొత్తవాక్యమును నిర్మించినది మధ్యమము. దానికిఁ గావ్యమంతయుఁ దెలియవలయును. కవి లోకమును జూచు చూపునే పట్టి, అతఁడు చూడని వస్తువును అతని కన్నులతోఁ జూపినది యుత్తమము. టోపీ పడిన బాలుని క్రాబ్బు నిజముగానే యట్లు వర్ణించి యుండును. అందుచేతనే యది యుత్తమము.

కవి శరీరమును, కులమును, కుటుంబమును, దారిద్ర్యమును బట్టి నవ్వించునది ఈ మూఁటిలో దేనియందును జేరదు. అది దూషణము. అట్లే, శైలి లేనివానిని అనుకరించుట యసంభవము. అన్వయమే లేనిచోట వ్యతిరేక మెక్కడిది? కనుక పరిహసింపఁబడుట కవికి నొక విధమగు నర్హతాపత్రము.

మన కాలమున

ఇటీవలి శతాబ్దమున మన భాషలలోను ఈ విద్య వెలసినది. మహామహోపాధ్యాయ రామావతార శర్మగారు (1877–1929) మేఘదూతపు అచ్చున ‘ముద్గరదూతము’ను రచించి, మేఘమునకు మాఱుగా గదను దూతగాఁ జేసిరి. దర్శనములయందును గోశరచనయందును మహాపండితులైన వారు ఈ పనిని దమ హోదాకుఁ దక్కువగాఁ దలంపలేదు. తెలుఁగున జలసూత్రం రుక్మిణీనాథశాస్త్రిగారు (1914–1968), జరుక్ శాస్త్రి యను పేరఁ బ్రసిద్ధులై, పేరడీని స్వతంత్రప్రక్రియగా నిలిపిరి. శ్రీశ్రీ కవిత్వమును, విశ్వనాథ సత్యనారాయణగారి వచనరీతిని సమానముగా నెఱిఁగినవారు గనుకనే, పరస్పరవిరుద్ధములగు నా రెండు శైలులను వారు సమానముగా ననుకరింపఁగలిగిరి. ఒక పక్షమునందుఁ జేరినవానికి రెండవ పక్షము శైలి వినఁబడదు. వారి కది వినఁబడెను.

ఈ విద్యను బడులలోఁ బ్రవేశపెట్టుట యసాధ్యము కాదు. నన్నయ అక్షరరమ్యత గలవాఁడు, తిక్కన సంభాషణమునందు నాటకీయత గలవాఁడు, శ్రీనాథుఁడు సీసమున సమాసధాటి గలవాఁడు, పోతన యంత్యప్రాసములయందుఁ బ్రీతి గలవాఁడు అని మనము చెప్పుచునే యున్నాము. విద్యార్థులు వ్రాయుచునే యున్నారు. ఈ వాక్యములలో నొక్కటియు వారి చెవి కెక్కలేదని మన మెఱుఁగుదుము. దానికి మాఱుగా, సాయంకాలము బడిగంట మ్రోఁగుటను నలుగురు కవులు నాలుగువిధముల నెట్లు చెప్పుదురో వ్రాయుఁడని యడిగి చూడవలయును. గంటమ్రోఁతను సీసపుసమాసములలో దిక్కులు పిక్కటిల్లఁజేసినవాఁడు శ్రీనాథుని విన్నవాఁడు. గంట విని ముగ్గురు బాలురు ముక్తసరిగా మాటాడుకొనునట్లు వ్రాసినవాఁడు తిక్కనను విన్నవాఁడు. తప్పు వ్రాసినను, ఏది తప్పినదో చూపుటకు మనకు వీలు కలుగును. కంఠస్థము చేసిన ప్రశంసలో తప్పును జూపుటకైనను వీలు లేదు.

కవియందు గౌరవము లేనివాఁడు అతని పద్యములను నూఱుమాఱులు చదువఁడు. నూఱుమాఱులు చదువనివాఁడు అతనిని అనుకరింపలేఁడు. పరిహాసానుకరణమునఁ బైకిఁ గనఁబడునది నవ్వు. అడుగున నున్నది శుశ్రూష, అనఁగా వినవలెనను కోరిక. శుశ్రూషాశబ్దమునకుఁ బరిచర్య యను నర్థము తరువాత వచ్చినది. మొదటి యర్థ మిదియే.

నేను చించివైచిన యా పుట మరల దొరకదు. అందలి మాటలు కొన్నియే జ్ఞప్తికి వచ్చుచున్నవి; వాని క్రమము మాత్రము సంపూర్ణముగా జ్ఞప్తియం దున్నది. ఏలయన నది భాష్యకారుని క్రమము. నా విద్యార్థి వ్రాఁతనుండి ఉప్మాను దొలఁగించి చూచినచో నిలుచున్నది పతంజలియే. ఈ వ్యతిరేకమును నే నాఁడే చూడవలసి యుండెను. ఇట్టి పుట మఱియొకటి మనలో నెవ్వరిచేతికైనను వచ్చినచో, చించుటకు ముందు ఒక్కమాఱు వస్తువును దొలఁగించి చదువుదురు గాక యని విజ్ఞులను బ్రార్థించుచున్నాను.

శమ్.